ఎడమ తలుపు

1932 ఫిబ్రవరి 8, సోమవారం. కోవిల్‌పట్టి

నాన్న మోటారు బండిని ఈ రోజు పశువుల కొట్టంలోంచి బయటికి లాగించాను. మనుషులు చాలలేదు, ఎద్దులను కట్టాల్సి వచ్చింది. నాన్న పోయినప్పటినుంచి అది అక్కడే పడి ఉంది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. పైకప్పు గుడ్డ పీలికలై వేలాడుతోంది. మడ్గార్డులకు తుప్పు. అయినా ఫోర్డు బండి ఫోర్డు బండే. బాగుపడుతుంది.

అమ్మ వాకిట్లో నిలబడి చూసింది.

"ఏంటికి సామీ ఇప్పుడు ఇది?"

"పట్టమ్మను పిల్చుకొని రావాల గదమ్మా. దీంట్లో పోతే బాగుంటాది."

"రైలు లేదా? పొద్దున ఎక్కితే ఎండ పడేలోపల విరుదుపట్టిలో ఉండొచ్చు."

ఊరి పేరు విరుదునగరమని మార్చి ఏళ్ళయినా అమ్మకు అది విరుదుపట్టే. అది ఆమె పుట్టిల్లు. నా భార్య పట్టమ్మ ఆమె అన్న కూతురు. అందుకే ఇంట్లో ఎవరినీ ఏమీ అనలేక నలుగుతోంది పాపం.

పట్టమ్మ మార్పు కోసం పుట్టింటికి వెళ్ళింది. కొద్దిరోజులని వెళ్ళింది. ఇంకా రాలేదు. ఉండనీ. సెప్టెంబరులో బిడ్డ పోయాక ఈ ఇంట్లో ఆమెకు ఊపిరాడటం లేదు. అంతకుమించి ఇంకేం కారణం లేదు.

ఇదంతా తెలుగులో రాసుకుంటున్నాను. ఈ అరవ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు ఉన్నాయి గాని ఈ అక్షరాలు చదివేవాళ్ళు మా వీధిలో లేరు. నాన్న పట్టుబట్టి నేర్పించాడు. ఇప్పుడు పనికొచ్చింది.

ఫిబ్రవరి 9

పొద్దంతా తుప్పు గీకాను. కిరసనాయిలు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. చేతులు మండుతున్నాయి. బాగుంది.

ఫిబ్రవరి 10

తుప్పు.

ఫిబ్రవరి 14, ఆదివారం

సీట్లు ఊడదీశాను. లోపలి గుర్రపు వెంట్రుకలన్నీ ఎలుకలు లాగేశాయి. బూరుగు దూది నింపించాలి. సీటు కింద రేకు మీద ఎలుకగూడు, ఎండిన కోడి రెట్ట, చింతగింజలు, ఒక కొబ్బరి చిప్ప, ఎర్ర దారం.

బండి కదలని రోజుల్లో బిడ్డ ఇందులోనే ఆడుకునేది. స్టీరింగు పట్టుకుని నోటితో బర్రుమంటూ తన అవ్వను, మా అమ్మను, మధురకు తీసుకుపోయేది. అవ్వ కూడా నిజంగానే వెనక కూర్చుని, మధుర వచ్చిందా అని అడిగేది.

పని ఆపేశాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 15

మాఘమాసంలో ఎండేమిటి నీకు అని అమ్మ అడిగింది. నిన్న నేను చెప్పింది గుర్తు పెట్టుకుని మరీ అడిగింది.

ఫిబ్రవరి 22, సోమవారం

వేలాయుదం వచ్చాడు. గిన్నెలకు కళాయి పూసేవాడు. నా కంటే చిన్నవాడు, నోరు ఊరుకోదు. అరవవాడే అయినా మా ఇళ్ళలో తిరిగి తిరిగి మా మాట పట్టుకున్నాడు. మోటారు బండి మీద చెయ్యి వెయ్యడం వాడికి ఇదే మొదలు.

"అన్నం వండే గుండాన్ని తట్టినట్టే గదా అయ్యా. లోపలనుంచి కొయ్య సుత్తితో తట్టాల, బయట ఇసక మూట పెట్టాల" అన్నాడు. మొదటి మడ్గార్డును అలాగే తట్టి, ఉన్న సొట్టను రెండు సొట్టలు చేశాడు. ఇద్దరం నవ్వాం. నేను నవ్విన శబ్దానికి అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి చూసి, లోపలికి పోయింది.

రెండో మడ్గార్డు బాగా వచ్చింది.

ఫిబ్రవరి 27

బావిగట్టు మీద కూర్చోలేకపోయాను, అరుగు మీద కూర్చోలేకపోయాను. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి బోల్టు బిగించి వచ్చాను. అమ్మ విస్తరి తీసేసింది.

మార్చి 3, గురువారం

చక్రాల కొయ్య ఆకులు ఎండి కదులుతున్నాయి. ఎద్దుబండి చక్రాలను నానబెట్టినట్టే వీటినీ తొట్టిలో నీళ్ళలో వేశాను. ఉబ్బి బిగుసుకుంటే సరి.

నీళ్ళు తగిలితే కొయ్య ఉబ్బుతుంది. నేలా అంతే. చాలు.

మార్చి 6, ఆదివారం

విరుదునగరం వెళ్ళి వచ్చాను. పైకప్పుకు కాన్వాసు, రేడియేటరుకు రబ్బరు గొట్టాలు, బ్రేకు పట్టీలు కొన్నాను. మామ ఇల్లు బజారుకు రెండు వీధుల అవతల. వెళ్ళడానికి సమయం చిక్కలేదు.

తిరుగు రైలు ఆలస్యం. మధ్యాహ్నమంతా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తూ ఉంటే ఒక పోర్టరు, "ఎవరు రావాల సార్?" అని అరవంలో అడిగాడు. ఎవరూ రారన్నాను.

కాన్వాసు మంచిది దొరికింది.

మార్చి 11, శుక్రవారం

తలుపులు పూర్తయ్యాయి. సుద్దను అవిసె నూనెతో కలిపి మెత్తి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాం. గాజు మీద చెయ్యి పెట్టినట్టు ఉన్నాయి.

వెనక ఎడమ తలుపు దగ్గర వేలాయుదం ఆగాడు.

"అయ్యా, ఈ గీతలు ఏమి చేసేది?"

మేకుతో గీసిన గీతలు. గుండ్రాలు, కర్రల్లాంటివి. ఒకదాని మీద ఒకటి.

"అన్నిటినీ ఏం చేస్తివో అదే."

"బిడ్డ చెయ్యి మాదిరి ఉండాది అయ్యా. ఉండనిచ్చేదా?"

"బండి మీద గీతలు ఉంచుకుంటే నవ్వుతారు. పూడ్చెయ్."

వాడు పూడ్చలేదు. సుద్ద గిన్నె నా దగ్గర పెట్టి, చక్రాలు తియ్యాలని తొట్టి వైపు వెళ్ళాడు. నేనే పూడ్చాను. ఇందులో రాసుకోవలసినంత ఏమీ లేదు. పాత బండిని బాగుచెయ్యడమంటే అదే.

మార్చి 12

తలుపు నునుపుగా ఉంది.

మార్చి 13

తలుపు మీద మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. వేలికి ఏమీ తగలడం లేదు.

మార్చి 20, ఆదివారం

మళ్ళీ విరుదునగరం. దీపం గాజు కోసం. అంగడిలో బేరం చేస్తుండగా వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. నారాయణసామి. పట్టమ్మ తమ్ముడు. నన్ను చూసిన సంతోషం, ఇంటికి రాలేదన్న కోపం రెండూ వాడి మొహంలో ఒకేసారి కనబడ్డాయి.

"ఏమి బావా, ఊరిదాకా వచ్చి ఇంటికి రాకుండా?"

"బండి పని మీద వస్తిరా. రైలుకు టైమయింది."

"పోయిన నెలలో గూడా వచ్చినారని స్టేషనులో చెప్పిరి."

"ఈ నెలలోనే" అన్నాను. ఏం దిద్దానో నాకే సిగ్గేసింది.

వాడు నన్ను అంగడి పక్క నీడలోకి తీసుకెళ్ళాడు. "అక్క ఎవురితోనూ మాట్లాడదు బావా. అమ్మ పిలిస్తే తింటాది, లేదంటే లేదు. అడిగేది ఒకటే. మిమ్మల్ని అడిగిందే."

"తెలుసు."

"చూపించేదానికి ఏమి కష్టం? ఆడవాళ్ళు ఆడికి పోరాదని అత్త చెప్పిందా?"

"అమ్మ ఏమీ అనలేదు."

"మరి?"

"బండి కానీ నారాయణసామీ. ఆ బండిలోనే పిల్చుకొని పోయి చూపిస్తాను. నేను చెప్పినానని చెప్పు."

"బండికీ దానికీ ఏమి బావా సంబందం?" అన్నాడు.

గాజు తీసుకోకుండానే రైలెక్కాను.

మార్చి 22, మంగళవారం

చేను దగ్గరికి వెళ్ళి వచ్చాను. ఇక్కడ ఒకసారి రాసి పెట్టుకుంటే నెమ్మదిస్తుందేమో.

పట్టమ్మ అడిగేది ఒకటే. బిడ్డను ఎక్కడ పెట్టామో చూపించమని. ఆ రోజు ఆడవాళ్ళెవరూ రాలేదు, మా వాళ్ళలో రారు. నేను ఎత్తుకెళ్ళాను. నాగలాపురం దారిలో మా చేను చివర, వంక పక్కన. పాలేరు నల్లసామి తవ్వాడు. గుర్తుకు ఒక రాయి పెట్టాం.

కార్తీకంలో ఆ వానలు వచ్చాయి. వంక పొంగి గట్టు తెంచుకుని మా చేలోకి వచ్చింది. రేగడి ఉబ్బింది, జారింది, తర్వాత ఎండి బీటలు వారింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే రాయి లేదు. మట్టి దిబ్బ లేదు. గట్టు కూడా పాత చోట లేదు. ఎటు చూసినా ఒకే నలుపు. ఆ రోజు చీకటి పడబోయేదాకా తిరిగాను. తర్వాత పట్టమ్మ అడిగింది. రేపు చూపిస్తానన్నాను. మళ్ళీ అడిగింది. పత్తి తీత అయ్యాక అన్నాను. మూడోసారి అడిగి, పెట్టె సర్దుకుంది.

ఈ రోజు కూడా తెలియలేదు.

నెమ్మదించలేదు.

మార్చి 29

నల్లసామిని పిలిచాను. మా పొలంలో తరాలుగా పనిచేసే ఇల్లు వాళ్ళది. చేను గట్టు మీద నిలబెట్టి, మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఆ పొద్దు మనం ఎక్కడ పెడ్తిమి నల్లసామీ, గుర్తుండాదా?"

"అదో, ఆడ అయ్యా." చెయ్యి చాచి, వంకనుంచి దారిదాకా ఉన్న నేలంతా చూపించాడు.

"ఆడ అంటే?"

"రేగుచెట్టుకు ఇట్ల..." అని ఆగాడు. రేగుచెట్టు కూడా వంకలో పోయింది. తల గోక్కున్నాడు. "మీరు పక్కనే ఉండిరే అయ్యా. మీకు తెలియకుండా ఉంటాదా?"

"నాకు తెలుసు. నీకు గుర్తుందా అని అడిగితిని."

వాడు నమ్మాడు. నమ్మినట్టు కనబడ్డాడు.

ఏప్రిల్ 2

ఇంజను విప్పాను. మసి. అన్ని భాగాలూ కిరసనాయిలులో కడిగి గోనెపట్టా మీద వరసగా పెట్టాను. దేని స్థానం దానికి తెలుసు.

ఏప్రిల్ 9, శనివారం

మొదటి నల్లరంగు పూత చెడిపోయింది. మధ్యాహ్నం గాలి లేచి చేలలోని దుమ్మంతా తెచ్చి తడి రంగు మీద పోసింది. అంతా గీకేశాను. వేలాయుదం తలపట్టుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం కోపం రాలేదు. ఇంకా కొన్ని రోజుల పని దొరికింది.

ఏప్రిల్ 14

కొట్టం చుట్టూ తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి రెండో పూత వేశాం. బాగా వచ్చింది. తలుపుల్లో మన మొహం మనకు కనబడుతుంది.

ఏప్రిల్ 23, శనివారం

బండి లేచింది!

హ్యాండిలు తిప్పీ తిప్పీ మణికట్టు వాచింది. చివరకు ఒక దగ్గు, మళ్ళీ ఒక దగ్గు, ఆ తర్వాత ఆగకుండా. కోళ్ళు గోడెక్కాయి. వీధిలోవాళ్ళంతా వచ్చారు. అమ్మ పసుపునీళ్ళు చల్లి, "మీ నాయన ఉంటే" అని కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత ఇంకో మాట అంది. "బొమ్మి ఉంటే ముందర ఎక్కి కూచొని ఉండును."

బొమ్మక్క అన్నది మా నాన్న తల్లి పేరు. బిడ్డకు అదే పెట్టి బొమ్మి అని పిలుచుకున్నాం. అమ్మ ఒక్కతే ఇంట్లో ఆ పేరు పలుకుతుంది.

వీధి చివరిదాకా నడిపాను. ఎడమవైపు లాగుతోంది. సరిచెయ్యాలి. సరిచేసేదాకా విరుదునగరం వెళ్ళలేను.

ఏప్రిల్ 27

ఎడమవైపు లాగడం లేదు. ఇప్పుడు హారను పలకడం లేదు.

మే 1, ఆదివారం

హారను పలికింది. కాళ్ళ కింద చాప కావాలి.

మే 4

చాప. పక్కకు తిప్పితే పైకప్పు కిర్రుమంటోంది. చూడాలి.

మే 11, బుధవారం

ఈ రోజు అమ్మ నా చేతిలోంచి స్పానరు లాగేసుకుంది. ఇరవై ఏళ్ళ కింద ఆడుకునే కర్ర లాగేసుకున్నట్టు.

"బండి అయిపొయ్యింది. నువ్వే ఇంకా కాలేదు" అంది. "ఆ పిల్ల మా అన్న ఇంట్లో ఎండిపోతా ఉండాది. ఈడ నువ్వు తుడిచిందే తుడిచి, బిగించిందే బిగించి. నాతో చెప్పు సామీ. ఏమి ఉండాది నీ కడుపులో?"

"ఏమీ లేదమ్మా."

"నేను వద్దంటాననా? నువ్వు చూపించు. నన్ను గూడా పిల్చుకొని పో. లోకం ఏమన్నా అననీ. నా మనవరాలు."

అమ్మ కూడా చూడలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆదివారం వెళ్తాను.

మే 14

పెట్రోలు, నూనె, నీళ్ళు. టైర్లు చూశాను. రేపు.

మే 16, సోమవారం

నిన్న జరిగినది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే బయలుదేరాను. సాత్తూరు దాకా బండి చక్కగా నడిచింది. దారిలో ఎద్దులు బెదిరి చేలోకి దిగితే బండివాడు తిట్టాడు. విరుదునగరంలో మామ ఇంటి ముందు ఆపేసరికి వీధి పిల్లలు చుట్టూ మూగారు. మామ బజారులో ఉన్నాడట. నారాయణసామి మజ్జిగ తెచ్చి ఇచ్చి, లోపలికి కేక వేశాడు.

పట్టమ్మ వచ్చింది. చిక్కిపోయింది. చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. నన్ను చూసి, "వచ్చినారా బావా" అంది. అంతే. బండి చుట్టూ నడిచింది. నేను బండి గురించి ఏదో చెబుతూ పోయాను, రంగు ఎన్ని పూతలు వేశామో, కాన్వాసు ఎక్కడ కొన్నానో. ఆమె వెనక ఎడమ తలుపు దగ్గర ఆగింది. వంగింది. అరచెయ్యి పెట్టి, పైనుంచి కిందికి తడిమింది.

"ఈ తలుపేనా?"

"ఆ."

"మారిస్తిరా? కొత్త తలుపు వేస్తిరా?"

"అదే తలుపు. గీతలు పడి ఉంటే పూడ్చి రంగేస్తిమి."

నాకేసి చూసింది. కోపంగా కాదు. నేను చెప్పింది అర్థం కానట్టు.

"అవి గీతలు కాదు బావా. మీరు, నేను, అవ్వ. ముగ్గురికీ పెద్ద పెద్ద తలకాయలు. మీకు మీసం పెట్టింది. నువ్వు యాడ బొమ్మీ అంటే, నేను లోపల ఉండాను గదా, నేనేగదా బండి తోలేది, అన్నది."

నారాయణసామి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను బానెట్టు మీద చెయ్యి ఆనించాను. కాలింది. తీయలేదు.

పట్టమ్మ ఇంట్లోకి వెళ్ళింది. ఇంక రాదనుకున్నాను. రాకపోయినా న్యాయమే అనుకున్నాను. గుడ్డ మూట ఒకటి పట్టుకుని బయటికి వచ్చింది. వెనక వాళ్ళమ్మ.

"పోదాం. చూపించండి" అంది. వెనక సీటులో ఎడమవైపు కూర్చుంది.

తిరుగుదారిలో సాత్తూరు దాటాక ఎండ నెత్తిన పడింది, రేడియేటరు బుసకొట్టింది, మూతలోంచి ఆవిరి లేచింది. బండి ఆపి వేపచెట్ల నీడకు తోశాను. చల్లబడేదాకా నీళ్ళు పొయ్యకూడదు. పొయ్యడానికి వీల్లేదు, వెళ్ళడానికి వీల్లేదు. బండి చుట్టూ తిరిగాను. టైరు తన్ని చూశాను. బానెట్టు తీశాను, మూశాను.

పట్టమ్మ దిగి చెట్టు కింద కూర్చుంది.

"చుమ్మా ఊరికే కూచోండి బావా. ఏంటికి అట్ల కాలు కాలినట్టు?"

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "పట్టమ్మా, ఎక్కడో నాకు తెలీదు."

"ఏమి తెలీదు?"

"బిడ్డను పెట్టిన తావు. వానల్లో వంక వచ్చి అంతా ఒకటి చేసేసింది. రాయి పొయ్యింది. చెట్టు పొయ్యింది. ఎన్నోసారులు పోయి చూస్తిని. తెలీదు."

రోడ్డు మీద పత్తిబస్తాల బండ్లు రెండు పోయాయి. వాటి గంటలు వినబడనంత దూరం వెళ్ళాక అడిగింది.

"ఎప్పట్నుంచి?"

"కార్తీకం నుంచి."

"నేను అడిగేటప్పుడే తెలుసా?"

"తెలుసు."

"నేను ఏమనుకొంటినో తెలుసా మీకు?" గొంతు పెరిగింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మీకు అక్కర లేదనుకొంటిని. మట్టి వేసి చెయ్యి దులుపుకొని వచ్చేస్తిరి, ఇంగ ఆ మాట ఎత్తేది గూడా మీకు బారంగా ఉండాది అనుకొంటిని. నా బిడ్డను నేనొక్కతే తలుచుకుంటా ఉండానని. ఇన్ని నెలలు. ఒక మాట చెప్పి ఉంటే ఏమి? నాకూ తెలీదు పట్టమ్మా అని ఒక మాట?"

నేను రేడియేటరు మూత తాకి చూశాను.

ఆమె లేచింది. మూట చంకన పెట్టుకుని, కోవిల్‌పట్టి వైపు రోడ్డు మీద నడుస్తూ వెళ్ళిపోయింది. ఎండలో, చెప్పులు లేకుండా. నేను నీళ్ళు పోసి హ్యాండిలు తిప్పాను. లేవలేదు. తిప్పాను. ఆమె చిన్నదై, మలుపు దగ్గర కనబడకుండా పోయింది. పిచ్చివాడిలా తిప్పాను. చివరకు బండి లేచింది.

పక్కన ఆపితే ఆమె ఆగింది. ఎక్కమని నేను అడగలేదు. తనే ఎక్కింది. ఈసారి ముందు, నా పక్కన.

"ఆ తావుకే పోనియ్యండి. తెలీకపోయినా పోనియ్యండి" అంది.

మధ్యాహ్నం వాలుతుండగా చేను చేరాం. పత్తి మోళ్ళు పీకేసిన నేల, బీటలు. బండిని దారి మీదే ఆపాను.

"ఏ పక్కనుంచి ఎత్తుకొని వస్తిరి?"

చూపించాను. ఆమె ముందు నడిచింది, నేను వెనక. బీటల్లో కాలు ఇరుక్కోకుండా చూసుకుంటూ నడిచింది. ఎండ ఎక్కడ పడుతూ ఉండెనని అడిగింది. వీపు మీద అన్నాను. అయితే ఇటు తిరిగి ఉండాల, అని తిరిగింది. వంక చప్పుడు వినబడుతూ ఉండెనా అంది. అప్పుడు నీళ్ళు లేవన్నాను. ఇక్కడ కావచ్చునన్నాను, ఇంకొంచెం అవతల కావచ్చునన్నాను. అవతలికి వెళ్ళాం. మళ్ళీ ఇవతలికి వచ్చాం. ఉన్నట్టుండి ఆమె కింద కూర్చుంది.

"ఇక్కడ కాదనుకుంటా" అన్నాను. "ఇంకా వంక పక్కకు ఉండాల."

"సరి."

"లే, ఇంకొంచెం చూద్దాం."

"కాళ్ళు నొస్తా ఉండాయి బావా. ఎక్కడో ఒక తావ కూచోవాల గదా." మట్టిగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని చిదిమింది. "మీరూ కూచోండి."

కూర్చున్నాను. నేల వేడిగా ఉంది. ఇద్దరం వంకకేసి చూస్తూ కూర్చున్నాం.

"భుజాన వేసుకొని వస్తిరా, చేతుల్లోనా?"

"చేతుల్లో."

"తల ఏ పక్క?"

"ఈ పక్క." ఎడమ మోచెయ్యి చూపించాను.

"మొహం మూసి ఉండెనా?"

"దారిలో మూసినారు. ఇక్కడికి వచ్చినాక నేను తీస్తిని. ఒకసారి చూసి మళ్ళీ మూస్తిని."

"ఏ గుడ్డ?"

"నీ పాత పచ్చచీర. అమ్మ ఇచ్చింది."

"ఆ చీర యాడ పాయెనో అని వెతికితిని" అంది. అప్పుడు మొహం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే, "ఇంగ?" అంది.

ఆ రోజునంతా చెప్పాను. నల్లసామి తవ్వుతూ మధ్యలో ఆగి తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడని, లోపలికి దిగి బిడ్డను అందుకుంటానంటే వద్దని నేనే దిగానని, గుంటలో మట్టి చల్లగా ఉండిందని. ఎవరికీ చెప్పని సంగతులు. చెబుతూ ఉంటే ఒకటి వెనక ఒకటి వచ్చాయి. మట్టి కప్పాక తుమ్మకంపలు నరికి తెచ్చి పైన పరిచానని, ఆ ముళ్ళు గుచ్చుకుని చేతులు రక్తమయ్యాయని చెప్పాను.

"ముళ్ళు ఏంటికి?"

"నక్కలు తవ్వకుండా."

పట్టమ్మ నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు, రంగు మరకలు తప్ప.

"మంచి పని చేసినారు" అంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. బిడ్డ పోయినప్పుడు రాలేదు, గుంటలో రాలేదు. ఆమె ఆపమనలేదు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

మే 19, గురువారం

పొద్దున అమ్మను తీసుకుని ముగ్గురం చేనుకు వెళ్ళాం. ఎక్కడమ్మా అని అమ్మ అడిగితే, "ఎక్కడో ఇక్కడే అత్తా, రండి" అని పట్టమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. అమ్మ ఒకచోట కూర్చుంది. మేము చూసుకున్న చోటు కాదు. మేమూ ఆమె పక్కనే కూర్చున్నాం.

అమ్మ మనవరాలికి ఒక పాట పాడింది, జోలపాట కాదు, బండిలో మధుర వెళ్ళేటప్పుడు ఇద్దరూ పాడుకునేదట. నేనూ పట్టమ్మా ఆ పాట ఎప్పుడూ వినలేదు. మళ్ళీ పాడమన్నాం. బొమ్మక్క మధ్యలో ఏ మాట తప్పు పాడేదో అమ్మ అలాగే తప్పు పాడి వినిపించింది.